ఇరవై కాదు, ముప్పై ఎనిమిది

ఖరగ్‌పూర్,
3 జూలై 1988.

చిట్టెమ్మత్తకు,
సూర్యకుమారి నమస్కారాలు.

అత్తా, ఇప్పుడు రాయక తప్పని పని పడింది. ఈ నెల ఇరవయ్యో తేదీలోగా నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే నర్సింగు ఆఖరి పరీక్షకు కూర్చోనిస్తారు. పెట్టకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి పొమ్మన్నారు. నాన్నకు ఇంకా చెప్పలేదు. ఈ ట్రస్టు ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళు ఆయాగా చేసి, మేట్రన్‌ను బతిమాలి నాకు సీటు ఇప్పించినదానివి నువ్వు. అందుకని ముందు నీకే చెప్పాలి.

సుజాతమ్మగారూ, మా అత్తకు ఉత్తరాలు చదివిపెట్టి, జవాబులు రాసిపెట్టే మీకూ నమస్కారం. ఒక్క ముక్క వదలకుండా చదవండి. అత్త మధ్యలో కేకలేసినా ఆపొద్దు.

జూన్ ఇరవై ఒకటిన ఆడవాళ్ళ వార్డులో పద్నాలుగో మంచం మీద సింహాచలమ్మ అని ఒకామె ఉంది. వయసు నలభై ఐదు. కొడుకు గణపతిరావు గూడ్స్‌షెడ్డులో కాంట్రాక్టు కూలీ. పర్మినెంటు కాదు కనుక రైల్వే ఆసుపత్రిలో చేర్చుకోరు. మన దగ్గరికి తెచ్చాడు. జ్వరం, దగ్గు, కుడి డొక్కలో పోటు. కేసు షీటు మీద న్యుమోనియా అని రాశారు. ఆమెకు బెంగాలీ రాదు, హిందీ రాదు. డాక్టరు బెంగాలీలో ఎక్కడ నొప్పని అడిగితే, "ఎగోపిరి ఒస్తన్నాది నాయినా, పడుకోనేను" అని తెలుగులో చెప్పేది. నేను మధ్యలో నిలబడి అటూ ఇటూ చెప్పేదాన్ని.

నా నోట్సు పుస్తకం నీకు గుర్తుందా? ఎడమవైపు క్లాసులో చెప్పిన మాట, కుడివైపు మన రైల్వే క్వార్టర్ల లైనులో ఆడవాళ్ళు అనే మాట. డిస్నియా, ఎగోపిరి. పాల్పిటేషన్, గుండె దడ. ఇడీమా, నీరు పట్టడం. కుడివైపు మాటలు సగం నువ్వు చెప్పినవే. ఆ పుస్తకం పట్టుకునే నేను వార్డులో తిరుగుతాను.

రోజుకు మూడుసార్లు, పదింటికి, రెండింటికి, ఆరింటికి చార్టు రాయాలి. మొదటి గడిలో జ్వరం, రెండో గడిలో నాడి, మూడో గడిలో ఊపిరి. జ్వరం థర్మామీటరు చెబుతుంది. నాడి చేతికి తెలుస్తుంది. ఊపిరి మాత్రం గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాలి. రోగి చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి, కళ్ళతో ఛాతీని చూడాలి. లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు. అలా చెయ్యాలని క్లాసులో చెప్పారు. వార్డులో ఎవరూ చెయ్యరు. ముప్పై రెండు మంచాలకూ మూడో గడిలో ఇరవై. నిద్రపోతున్నవాళ్ళకు ఇరవై, ఏడుస్తున్నవాళ్ళకు ఇరవై. ఎందుకో నీకు తెలుసు. ముప్పై దాటితే డాక్టరును పిలిచే పుస్తకం, అదే కాల్‌బుక్ రాసి ఆయా చేత డాక్టరు బంగళాకు పంపాలి. డాక్టరు కసురుతాడు. ఇరవై రాస్తే ఎవరినీ కసరడు.

ఆ రోజు రెండింటికి సింహాచలమ్మ మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుని ఉంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. గోళ్ళు నీలంగా ఉన్నాయి. చెయ్యి పట్టుకుని లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. మళ్ళీ పెట్టాను. ముప్పై ఎనిమిదే. సిరాతో రాశాను.

వార్డు సిస్టరు ఆలిస్ చార్టు చూసి, "అరే బాబా, నిన్ను లెక్కపెట్టమని ఎవరన్నారు? ఇప్పుడు కాల్‌బుక్ పంపాలి. సాహెబ్ భోజనం చేసి పడుకునుంటారు. తర్వాత చూద్దాం" అంది. మూడింటికి అడిగాను. నాలుగున్నరకు అడిగాను. కాల్‌బుక్ ఆరింటికి వెళ్ళింది. డాక్టరు ఆరున్నరకు వచ్చి ఆక్సిజన్ పెట్టించారు. ఏడింటికి ఆమె పోయింది.

గణపతిరావు మిడ్నాపూర్ ఆరోగ్యాధికారికి అర్జీ పెట్టాడు. ఇప్పుడు అందరికీ ఆ ముప్పై ఎనిమిది అడ్డం వచ్చింది. కాగితంలో ఏముందంటే: సూర్యకుమారి అనే విద్యార్థిని ఊపిరి లెక్కపెట్టడం చేతకాక తప్పు అంకె వేసింది, ఆ వేళకు రోగి ఊపిరి ఇరవై. కింద నా సంతకానికి చోటు వదిలారు.

నేను పెట్టనని నోటిదాకా వచ్చింది. నీ పేరు గుర్తొచ్చి ఆగాను. ఏం చెయ్యమంటావు?

నీ
సూరి


మందస,
12 జూలై 1988.

ఒలే సూరమ్మా,

నీకు మతి పోనాదేటే గుంటా? సంతకం పెట్టు. పెట్టి పరీచ్చ రాయి. అడగడానికి ఉత్తరమెందుకు?

మన ఇంట్లో అచ్చరం ముక్క వొచ్చినది నీకొక్కదానికే. మీ నాన్న నూకయ్య వర్కుషాపులో ఇనుము మోసి మోసి నడుం వంగిపోనాడు. నాను ఇరవయ్యారేళ్ళు ఆళ్ళ పియ్యీ ఉచ్చా ఎత్తినాను. ఆ తెల్ల టోపీ నీ నెత్తిన సూడాలనే కదా. సిలబస్సులో నేని యుద్దాలు నీకేల?

ఆలిస్ ఎవులు? పొట్టిదేనా, నవ్వితే బంగారం పన్ను? అది నా ముందు గౌను ఏసుకొచ్చిన పిల్ల. దానికి నాను మంచం పరవడం నేర్పినాను. దాని మాట పట్టించుకోకు. పట్టించుకోకుండానే సంతకం పెట్టు.

సచ్చిపోయినామె ఇంకెలాగా రాదు. నర్సువైనాక నీ వార్డులో నివ్వు ఊపిర్లన్నీ లెక్కెట్టుకో, పిల్లి ఊపిరి కూడా లెక్కెట్టుకో, ఎవులు వొద్దంటారు?

(అమ్మాయీ, నేను సుజాతను. మీ అత్త మేట్రన్‌ను అన్న మాటలు రాయలేదు. రాస్తే పోస్టు వాళ్ళు కార్డు తీసుకోరు.)

నీ అత్త
చిట్టెమ్మ


ఖరగ్‌పూర్,
18 జూలై 1988.

అత్తకు,

నీ ఉత్తరం చదివాను. నాలుగు రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు.

నాన్నకు తెలిసిపోయింది. వర్కుషాపు గేటు దగ్గర ఎవరో చెప్పారట. సైకిలు మీద హాస్టలుకు వచ్చాడు. లోపలికి రానివ్వరు కనుక గేటు బయటే నిలబడి మాట్లాడాడు. "ఏటిది సూరీ, పెద్దోళ్ళతో మనకేటి?" అన్నాడు. "ఊపిరి లెక్కపెట్టినాను నాన్నా, అంతే" అన్నాను. "తప్పెట్టినావా?" అన్నాడు. "లేదు." "మరి తప్పని ఎందుకు రాయమంటన్నారు?" నేను జవాబు చెప్పేలోపే తలపాగా విప్పి ముఖం తుడుచుకుని సైకిలెక్కాడు. పెట్టమనలేదు, వద్దనలేదు.

గణపతిరావు వార్డుకొచ్చాడు. తల్లి దుప్పటి, గ్లాసు తీసుకుపోవడానికి. "మా యమ్మ ఊపిరి ఎంతని రాసినారు?" అని అందరి ముందూ అడిగాడు. ఆలిస్ సిస్టర్ దుప్పటి మడత పెడుతూ ఉండిపోయింది. నేను "ముప్పై ఎనిమిది" అన్నాను. వార్డులో ముప్పై రెండు మంచాలూ విన్నాయి. బెంగాలీ వాళ్ళకు అంకె అర్థం కాకపోయినా ముఖాలు అర్థమయ్యాయి.

నువ్వు సంతకం పెట్టమన్నావు. నువ్వైతే పెడతావు అత్తా. నీ సంగతి లైను మొత్తానికి తెలుసు. గోవిందరావుగారి భార్య పురిటిలో పోయినప్పుడు డాక్టరుకు ఇవ్వాల్సిన కాల్‌బుక్ పట్టుకుని భోజనానికి పోయి మరిచిపోయావట కదా. ఇప్పటికీ కుళాయి దగ్గర నిన్ను మరుపు చిట్టెమ్మ అంటారు. నేను దేన్నీ మరిచిపోలేదు. రెండు గంటలకు చూశాను, లెక్కపెట్టాను, రాశాను. నా అంకెను నేను కొట్టెయ్యను.

ఎల్లుండి ఇరవయ్యో తేదీ. సంతకం పెట్టడం లేదు. ఈ ఉత్తరం సలహా అడగడానికి కాదు, చెప్పడానికి.

సూర్యకుమారి


మందస,
27 జూలై 1988.

సూరమ్మకు,

కాల్‌బుక్కు సంగతి ఎత్తినావు. సరే. ఎత్తినావు.

నాను ఒకటే అడుగుతాను. రెండింటికి ముప్పై ఎనిమిదన్నావు. మజ్జాన్నానికి గోళ్ళు నీలం తిరిగిన మనిసికి పొద్దున్న ఏటీ నేకుండా ఉంటాదా? పొద్దున్న పదింటి చార్టు ఎవులు రాసినారు? మూడో గడిలో ఎంత రాసినారు?

నీ ఉత్తరాలు రెండూ సుజాతమ్మ చేత మళ్ళీ సదివించినాను. ఆ రోజు పదింటి మాట ఎక్కడా నేదు. నాకు సదువు నేదు గానీ వార్డు తెలుసు.

చిట్టెమ్మ

(అమ్మాయీ, నీ ఉత్తరం విన్న రోజు ఆవిడ అన్నం ముట్టలేదు. మా బాలవాడి మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చుంది. నీకు చెప్పొద్దంది. చెబుతున్నాను.)


ఖరగ్‌పూర్,
2 ఆగస్టు 1988.

అత్తా,

పదింటి చార్టు నేనే రాశాను. మూడో గడిలో ఇరవై వేశాను. లెక్కపెట్టలేదు.

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మొదటి ఉత్తరంలో "వార్డులో ఎవరూ చెయ్యరు" అని రాశాను చూడు, ఆ ఎవరూలో నేనూ ఉన్నాను. మొదటి ఏడాది మూడు వారాలు లెక్కపెట్టాను. ముప్పై రెండు మంచాలు, మంచానికొక నిమిషం. పక్క దుప్పట్లు మార్చడం ఆలస్యమైందని తిట్లు తిన్నాను. నాలుగో వారం నుంచి ఇరవై వెయ్యడం నేర్చుకున్నాను. చెయ్యి దానంతటదే వేస్తుంది. ఆ రోజు పదింటికి పెద్ద డాక్టరు రౌండుకు వస్తున్నారని హడావిడి. మంచం పక్కనే నిలబడ్డాను. "అమ్మా, నిన్న రాత్రి నుంచి ఎగోపిరి ఎక్కువైనాది" అని ఆమె నాతో తెలుగులో చెప్పింది. నా నోట్సు పుస్తకంలో ఆ మాటకు ఎడమవైపు ఏముందో నాకు తెలుసు. "డాక్టరుగారు వస్తన్నారు, సెప్తాను" అన్నాను. చార్టులో ఇరవై ఉంది కదా, డాక్టరు చార్టు చూసి తర్వాతి మంచానికి వెళ్ళిపోయారు. నేను వెనకాల ట్రే పట్టుకుని ఉన్నాను. నోరు తెరవలేదు.

రెండింటికి ఎందుకు లెక్కపెట్టానని అడిగితే ఇదీ కారణం. గొప్పతనం కాదు. భయం.

అత్తా, నీకు రాసిన ఆ కుళాయి మాటలకు సిగ్గుపడుతున్నాను. ఎదురుగా ఉంటే కొట్టేదానివి. కొట్టించుకునేదాన్ని.

అర్జీ సంగతి తేలేదాకా ఇంటికి పంపలేదు గానీ, ఇరవయ్యో తేదీ నుంచి నన్ను వార్డులోంచి తీసేశారు. స్టోరు గదిలో కూర్చుని కట్టుగుడ్డలు చుడుతున్నాను. పరీక్ష ఫారం మేట్రన్ బీరువాలో ఉంది. "సెప్టెంబరు పదిలోగా పంపాలి. నీ ఇష్టం" అంటుంది. నేను సంతకం పెట్టననే అంటున్నాను. కానీ ఇప్పుడు మరో ప్రశ్న వచ్చింది. ముప్పై ఎనిమిది నిజమని నిలబడితే, "పొద్దున్న ఇరవై కూడా నువ్వే వేశావు, అదీ నిజమేనా?" అని అడుగుతారు. నిజమంటే అబద్ధం. అబద్ధమంటే తప్పు నా మీదకే వస్తుంది. నీ ఉత్తరం వచ్చేదాకా ఈ ప్రశ్నను కట్టుగుడ్డల్లో చుట్టి దాస్తూ వచ్చాను.

సూరి


మందస,
10 ఆగస్టు 1988.

నా తల్లీ సూరమ్మా,

ఈ ఉత్తరం మీ నాన్న ముందు సదవకు. సుజాతమ్మ చేత ఒట్టేయించుకుని రాయిస్తన్నాను.

ఆ పుస్తకం నాను మర్సిపోనేదు.

నివ్వు పుట్టిన ఏడు. గోవిందరావు పెళ్ళాం నీళ్ళాడి మూడో రోజు. రగతం ఆగనేదు. నర్సమ్మ పుస్తకం ఇచ్చి పరిగెట్టమన్నాది. మజ్జాన్నం ఎండ, కాళ్ళకి సెప్పుల్నేవు, పరిగెట్టినాను. డాక్టరు బంగళాలో సుట్టాలు, బోజనాలు. "అక్కడెట్టి పో, వొస్తాను" అన్నాడు. పుస్తకంలో సంతకమెట్టండి బాబూ అన్నాను. కసిరినాడు. మళ్ళీ ఎల్లినాను. గేటు తియ్యనేదు. ఎనక్కొచ్చేసరికి ఆయమ్మ కాళ్ళు సల్లబడిపోనాయి. నానే పట్టుకున్నాను.

రెండ్రోజులకి కాయితం తెచ్చినారు. ఏటి రాసున్నాదో నాకేటి తెలుసు? "పనిలో ఉంటావా, పోతావా? ఉంటే ఏలుముద్ర ఎయ్యి" అన్నారు. ఏసినాను. తరవాత తెలిసినాది, ఆయా పుస్తకం మర్సిపోయి కూటికి పోనాదని రాసుకున్నారంట.

ఎవులికి సెప్తాను? ఏలు నాదే కదా. మీ యమ్మ నిన్ను నా ఒళ్ళో పడుకోబెట్టడం మానేసినాది. "మర్సిపోయి ఎక్కడో పెట్టేస్తాది" అని నవ్వీది. నానూ నవ్వీదాన్ని.

ఆ ఏలు వల్ల ఇంకో పదారేళ్ళు కూడు తిన్నాను. అబద్దం సెప్పను, కూడు బాగానే ఉన్నాది. కుళాయి కాడే బాగోనేదు. అందుకే పింఛనీ రాగానే లైను వొదిలి ఇక్కడికి వొచ్చేసినాను. సంతకం పెట్టమని నీకు రాయించినది కూడు తలుసుకుని. కుళాయి సంగతి తలుసుకోనేదు.

నాకు ఏసిననాడు సదవడం రాదు. నీకు వొచ్చును. సదివి కూడా పెడితే నీకు నాకు తేడా ఏటి? ఇంకెందుకు నిన్ను సదివించినాం?

పదింటి ఇరవై కూడా సెప్పేయి. అది దాసుకుని ఇది సెప్తే ఆలిస్‌కీ నీకూ పేచీ తప్ప ఇంకేటీ నేదు. గణపతిరావుకి ముందు సెప్పు. తిడతాడు. పడు.

(అమ్మాయీ, ఈసారి ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాశాను. ఒక్క తిట్టు కూడా లేదు, వదలడానికి. సుజాత.)

నీ అత్త
చిట్టెమ్మ


ఖరగ్‌పూర్,
17 ఆగస్టు 1988.

మా చిట్టెమ్మత్తకు,

నీ ఉత్తరం స్టోరు గదిలో చదివాను. ఒట్టు ప్రకారం నాన్నకు చెప్పలేదు. చెప్పాలో వద్దో నీ ఇష్టం. కానీ మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు లైను కుళాయి దగ్గర పొరుగింటి ఎలీసమ్మ మళ్ళీ మరుపు చిట్టెమ్మ అంది. నేను బిందె కింద పెట్టి, "ఇంకొకసారి అను" అన్నాను. అనలేదు. ఎందుకన్నానో నేనూ చెప్పలేదు. ఆమె నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం గూడ్స్‌షెడ్డు దగ్గరికి వెళ్ళాను. గణపతిరావు బస్తాల మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు. నిలబడే చెప్పాను. పదింటికి ఇరవై అని అబద్ధం రాశానని, మీ అమ్మ నాతో చెప్పినా డాక్టరుకు చెప్పలేదని. డబ్బా మూసేశాడు.

"పదింటికి నిజం రాసుంటే మా యమ్మ బతికుండునా?"

"తెలీదు. ఎనిమిది గంటలు ముందు డాక్టరు చూసేవాడు."

"నీకు తెలుగొచ్చు. నీకు సెప్పుకున్నాది."

"అవును."

లేచి డబ్బా పక్కన పెట్టాడు. తిట్టలేదు అత్తా. తిడితే బాగుండేది. ఆఖరికి "రెండింటిది కొట్టేయకు. పదింటిది దాసకు. ఎల్లు" అన్నాడు. వచ్చేశాను.

మంగళవారం మేట్రన్ గదికి వెళ్ళి నా కాగితం నేనే ఇచ్చాను. మూడు మాటలే రాశాను. పది గంటల ఇరవై లెక్కపెట్టకుండా వేసిన అంకె, అది నా తప్పు. రెండు గంటల ముప్పై ఎనిమిది రెండుసార్లు లెక్కపెట్టి వేసిన అంకె. కాల్‌బుక్ ఆరు గంటలకు వెళ్ళింది. కింద పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. నకలు మిడ్నాపూర్‌కు రిజిస్టరు పోస్టులో పంపాను. మేట్రన్ చదివి, "నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు. ఫారం బీరువాలోనే ఉంటుంది" అంది. "ఉండనివ్వండి మేడమ్, దాని మీద కూడా నా సంతకమే ఉంది, అది లెక్క చేతకాదని ఒప్పుకున్న సంతకం కాదు కదా" అన్నాను.  స్టోరు గదికి వచ్చి మళ్ళీ కట్టుగుడ్డలు చుట్టాను.

సెప్టెంబరు ఐదున ఆరోగ్యాధికారి వచ్చి విచారిస్తారు. ట్రస్టు వాళ్ళు అప్పుడే ఒక మాట కట్టుకున్నారు. ఈ ఆసుపత్రిలో ఊపిరి లెక్కపెట్టకుండా రాసే అలవాటు ఏనాడూ లేదట, కాల్‌బుక్ ఏనాడూ ఆలస్యం కాలేదట, సోమరిది ఈ ఒక్క అమ్మాయేనట. ఆలిస్ సిస్టర్ నోరు విప్పదు. ఆమెకు ఇంకా పన్నెండేళ్ళ సర్వీసు ఉంది. తోటి పిల్లలకు పరీక్షలున్నాయి. వాళ్ళను అడగను.

అయినా ఈ పొద్దున దుప్పట్లు ఇవ్వడానికి ఆడవాళ్ళ వార్డుకు వెళ్ళినప్పుడు చార్టులు చూశాను. మూడో గడిలో పద్దెనిమిది, ఇరవై రెండు, పదహారు, ఇరవై ఆరు. మొదటి ఏడాది పిల్ల ఒకతె ఒక ముసలామె చెయ్యి పట్టుకుని, పెదాలు కదపకుండా లెక్కపెడుతోంది. నన్ను చూసి తల తిప్పుకుంది. లెక్క మాత్రం ఆపలేదు.

ఇప్పుడు నీ పని. ఇరవై ఆరేళ్ళు ఆ చార్టులు మంచాలకు తగిలించినదానివి, కాల్‌బుక్ మోసినదానివి నువ్వు. ఇది అలవాటని చెప్పగలిగినవాళ్ళు నువ్వు తప్ప నాకు లేరు. వచ్చి చెప్పమంటున్నాను. చార్టుల్లో ఇరవై వేసే అలవాటు సంగతే చెప్పినా చాలు. గోవిందరావుగారి భార్య సంగతి కూడా చెబుతానంటే వింటారు. నీ పింఛను ట్రస్టు చేతిలోనే ఉందని నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆపేస్తే నాన్నా నేనూ నీకు ముద్ద పెడతాం, కానీ అది వేరే మాట. భయమేస్తే రావద్దు. నిజంగానే రావద్దు. నేను ఒక్కదాన్నే నిలబడతాను. అలగను.

వస్తే మాత్రం ఇలా చేద్దాం. నువ్వు నీ మాటల్లోనే చెప్పు. నేను రాస్తాను. రాసినదాన్ని నీకు రెండుసార్లు చదివి వినిపిస్తాను. సుజాతమ్మగారు కూడా వస్తే మూడోసారి ఆమె చదువుతారు, నేను ఏమీ కలపలేదని నీకు నమ్మకం కలగడానికి. ప్రతి ముక్కా నువ్వు అన్నదే అయితేనే వేలు వెయ్యి.

పలాసలో మెయిలెక్కితే మరుసటి రోజు ఇక్కడ దిగుతావు. స్టేషనుకు నాన్నను పంపాలా, నేను రావాలా? వస్తున్నావో లేదో ఆగస్టు ఇరవై ఎనిమిదిలోగా నాకు అందేలా జవాబు రాయించు.

నీ
సూర్యకుమారి